ఎవరో మందు పెట్టారు

మా వైపు ఒక మాట ఉంది. పెళ్ళయ్యాక కొడుకు తల్లి మాట వినడం మానేశాడనుకోండి, "ఆ పిల్ల అన్నంలో ఏం మందు పెట్టిందో!" అంటారు. అన్నదమ్ములు పొలం దగ్గర విడిపోతే, వాళ్ళ మధ్యలో దూరిన మూడో మనిషి మీదకి పోతుంది అనుమానం. మందు పెట్టారు, వశం చేసుకున్నారు, లేకపోతే మావాడు అలాంటివాడు కాదు. ఇలా అనేవాళ్ళలో చాలామందికి నిజంగా మందు మీద నమ్మకమేమీ ఉండదు. కానీ ఆ మాట వల్ల రెండు సౌకర్యాలున్నాయి. కొడుకు మీద కోపం పెట్టుకోనక్కర్లేదు. వాడు దూరమవడానికి మన వైపు నుంచి ఏదైనా కారణం ఉందేమోనని వెతుక్కోనక్కర్లేదు.

రెండేళ్ళ క్రితం అదే మాట నేనూ అన్నాను. కాకపోతే ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఇంగ్లీషు కలిపి అన్నాను. "నాన్నని పూర్తిగా బ్రెయిన్‌వాష్ చేసేశారక్కా" అని.

"ఎవరు?" అంది అక్క ఫోన్‌లో.

నా దగ్గర జవాబు లేదు.

మా నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. డిపోలో ఆయనకి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడొకాయన ఉన్నాడు. మేం మామయ్య అని పిలిచేవాళ్ళం. మతాలు వేరు. పండగలకి వాళ్ళింటి నుంచి మాకు, మా ఇంటి నుంచి వాళ్ళకి గిన్నెలు తిరుగుతూ ఉండేవి. రిటైరయ్యాక కూడా ఇద్దరూ సాయంత్రం డిపో ఎదురుగా ఉన్న కొట్టులో టీ తాగేవాళ్ళు. నాన్నకి స్మార్ట్‌ఫోన్ నేనే కొనిచ్చాను. వాట్సాప్ గ్రూపులు వచ్చాయి, వీడియోలు వచ్చాయి. ఒకరోజు ఆ టీకొట్టు దగ్గర, పదిమందిలో, నాన్న ఆయన్ని "మీవాళ్ళు" అని మొదలుపెట్టి ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను. మామయ్య సగం టీ గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడట. మళ్ళీ ఆ కొట్టుకి రాలేదు.

ఆ రోజుల్లోనే "ద మంచూరియన్ కాండిడేట్" మళ్ళీ చూశాను. కాలేజీలో ఒకసారి చూసి, భలే థ్రిల్లర్ అనుకుని వదిలేసిన సినిమా. ఈసారి అలా వదల్లేకపోయాను. కథంతా చెప్పబోతున్నాను కాబట్టి, చూడనివాళ్ళు చూసొచ్చి చదివితే మంచిది.

రిచర్డ్ కాండన్ 1959లో రాసిన నవలని జాన్ ఫ్రాంకెన్‌హైమర్ 1962లో సినిమాగా తీశాడు. కొరియా యుద్ధంలో ఒక అమెరికన్ సైనిక దళాన్ని శత్రువులు పట్టుకుని మంచూరియా తీసుకెళ్తారు. అక్కడ యెన్ లో అనే డాక్టరు వాళ్ళ బుర్రల్ని తిరగరాస్తాడు. వాళ్ళలో రేమండ్ షా (లారెన్స్ హార్వీ) తిరిగొచ్చేసరికి వీరుడు, ఛాతీ మీద అత్యున్నత పతకం. ఎవరైనా అతనితో పేకాట ఆడుకోమంటే, ఆ ముక్కల్లో డైమండ్ రాణి కనపడితే, ఆ తర్వాత ఏం చెప్పినా చేస్తాడు. చేశాక గుర్తుండదు. అతని చేత పని చేయించేది ఇంకెవరో కాదు, కన్నతల్లి (ఏంజెలా లాన్స్‌బరీ). ఆవిడ రెండో మొగుడు ఐజ్లిన్ అనే సెనేటర్, ఎక్కడ చూసినా కమ్యూనిస్టులే ఉన్నారని అరిచే రకం. అచ్చం సెనేటర్ మెకార్తీ నమూనా. మొగుణ్ణి అధ్యక్ష పీఠం ఎక్కించడానికి కొడుకు చేత హత్య చేయించాలన్నది పథకం. రేమండ్‌తో పాటు బందీగా ఉన్న మార్కోకి (ఫ్రాంక్ సినాట్రా) ఒకే పీడకల మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. ఆ కల వెంట పడి అతను కుట్రని ఛేదిస్తాడు.

ఆ పీడకల సీను ఒక్కటి చాలు ఈ సినిమాకి. ఏదో హోటల్లో పెద్దింటి ఆడవాళ్ళు హైడ్రేంజియా పూల పెంపకం మీద ఉపన్యాసం వింటుంటారు, సైనికులు విసుగ్గా పక్కన కూర్చుని ఉంటారు. కెమెరా చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆ ఆడవాళ్ళ స్థానంలో రష్యన్, చైనా అధికారులు. రేమండ్ చాలా మర్యాదగా తన తోటి సైనికుడి గొంతు పిసికి చంపుతాడు. చచ్చేవాడు కూడా మర్యాదగానే కూర్చుని ఉంటాడు.

ఇంతకీ ఈ "బ్రెయిన్‌వాష్" అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? మెదడు కడగడం అనే అర్థమున్న చైనా మాటని 1950లో ఎడ్వర్డ్ హంటర్ అనే అమెరికన్ పాత్రికేయుడు ఇంగ్లీషులోకి తెచ్చి ప్రచారం చేశాడు. అంతకు ముందు రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ గూఢచారి సంస్థలో పనిచేసినవాడు ఆయన. కొరియా యుద్ధంలో పట్టుబడిన అమెరికన్ వైమానికులు కొందరు, తాము క్రిముల బాంబులు వేశామని కెమెరా ముందు ఒప్పుకున్నారు. 1953లో యుద్ధం ఆగాక 21 మంది అమెరికన్ సైనికులు మేం ఇంటికి రాం, చైనాలోనే ఉంటాం అన్నారు. మనవాడు మనల్ని వద్దనడమేమిటి? ఏదో మందు పెట్టి ఉండాలి. మా ఊరి అత్తగారికి వచ్చిన అనుమానమే అమెరికాకీ వచ్చింది.

ఆ మందు మనకీ కావాలనుకుని సీఐఏ 1953లో ఎంకే అల్ట్రా అనే రహస్య కార్యక్రమం మొదలుపెట్టింది. సిడ్నీ గాట్లీబ్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని నడిపాడు. విశ్వవిద్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, జైళ్ళలో మనుషుల మీద, చాలాసార్లు వాళ్ళకి తెలియకుండానే, ఎల్‌ఎస్‌డీ లాంటివి ప్రయోగించారు. ఫ్రాంక్ ఓల్సన్ అనే సైనిక శాస్త్రవేత్తకి చెప్పకుండా తాగే దాంట్లో ఎల్‌ఎస్‌డీ కలిపారు. తొమ్మిది రోజుల తర్వాత ఆయన న్యూయార్క్‌లో ఒక హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. 1973లో సీఐఏ అధిపతి రిచర్డ్ హెల్మ్స్ ఆ ఫైళ్ళు తగలబెట్టించాడు. ఎక్కడో లెక్కల కాగితాల్లో మిగిలిపోయినవి బయటపడితే 1977లో సెనేట్ విచారణ జరిపింది. ఇదంతా రికార్డుల్లో ఉన్న చరిత్ర.

కుట్ర నిజమే. కానీ ఇన్నేళ్ళు, ఇంత డబ్బు, ఇన్ని ప్రాణాలు పెట్టినా డైమండ్ రాణి మాత్రం దొరకలేదు. మనుషుల్ని చెడగొట్టగలిగారు, పిచ్చివాళ్ళని చేయగలిగారు, చంపగలిగారు. చెప్పినట్టు నడిపించలేకపోయారు.

మరి కొరియా బందీల సంగతేమిటి? తిరిగొచ్చిన వైమానికులతో మాట్లాడి ఆల్బర్ట్ బిడర్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1957లో ఒక వ్యాసం ప్రచురించాడు. అందులో మంత్రమేమీ లేదు. ఒంటరిగా ఉంచడం, నిద్రపోనివ్వకపోవడం, ఆకలి, బెదిరింపు, అవమానం, మధ్యమధ్యలో ఒక చిన్న దయ. ప్రపంచంలో ఏ పోలీస్ స్టేషన్‌కైనా ఎప్పటినుంచో తెలిసిన పద్ధతులే. ఆయన వేసిన పట్టికనే 2002లో గ్వాంటనామోలో అమెరికన్ విచారణాధికారులకి పాఠంగా వాడారని 2008లో పత్రికల్లో వచ్చింది. మాది కాదు, శత్రువుది అని చెప్పుకున్న విద్య అలా ఇంటికే చేరింది.

కాబట్టి మనసుని లోపలినుంచి తిరగరాయడం ఒకటి, మనిషిని భయపెట్టి లొంగదీయడం ఇంకొకటి. లొంగిపోయిన మనిషికి తను ఏం చేస్తున్నాడో తెలుసు. అందుకే అతని బాధ అంత పెద్దది. ఈ రెంటినీ కలిపేస్తే ఏమవుతుందో ఒక కోర్టు కేసులో చూడొచ్చు.

1974 ఫిబ్రవరిలో పత్రికాధిపతి హెర్స్ట్ మనవరాలు ప్యాట్రీషియా హెర్స్ట్‌ని ఒక చిన్న సాయుధ ముఠా ఎత్తుకెళ్ళింది. అప్పటికి ఆమెకి 19 ఏళ్ళు. కళ్ళకి గంతలు కట్టి వారాల తరబడి ఒక చిన్న బట్టల అరలో బంధించారు. చంపేస్తామన్నారు. అత్యాచారం చేశారు. ఏప్రిల్‌లో ఆమె తుపాకీ పట్టుకుని ఆ ముఠాతో కలిసి శాన్ ఫ్రాన్సిస్కోలో బ్యాంకు దోచింది. మే నెలలో ఒక దుకాణం బయట వ్యాన్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు, పారిపోయే వీలుండి కూడా, తుపాకీ పేల్చి తన వాళ్ళని విడిపించింది. 1976లో విచారణ. బ్రెయిన్‌వాష్ చేశారన్నది డిఫెన్స్ లాయర్ల వాదన. జ్యూరీ నమ్మలేదు. ఏడేళ్ళ శిక్ష పడింది. 1979లో అధ్యక్షుడు కార్టర్ శిక్ష తగ్గించి విడిపించాడు, 2001లో క్లింటన్ పూర్తి క్షమాభిక్ష పెట్టాడు.

ఈ కేసు గురించి చదివినప్పుడల్లా నాకు అనిపించేది ఇది. ఆ అర, ఆ చీకటి, ఆ భయం చాలవా ఆమె మీద జాలి పడడానికి? ఆమె లోపల ఇంకెవరో దూరారని కూడా చెప్పాలా? "ఆమె ఆమె కాదు" అంటేనే గానీ క్షమించలేమంటే, ఆ క్షమ ఆమెకి అందినట్టా? చేసినవాళ్ళు లేకపోతే క్షమించడానికి ఎవరూ మిగలరు. మందు పెట్టారన్న మాట మనిషిని తప్పు నుంచి విడిపిస్తూనే మనిషితనం నుంచి కూడా విడిపించేస్తుంది.

ఇప్పుడు మళ్ళీ సినిమాకి వస్తాను. ఈ సినిమా పేరే ఇప్పుడు ఇంగ్లీషులో ఒక జాతీయం అయిపోయింది. ఎవరో వెనకనుంచి ఆడిస్తున్న బొమ్మ అని దానికి అర్థం. నాకు మాత్రం సినిమా చెప్పేది దానికి చాలావరకు వ్యతిరేకంగా అనిపించింది. మూడు చోట్ల.

మొదటిది, రేమండ్ కొరియా వెళ్ళకముందు. జోసీ అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆమె తండ్రి సెనేటర్ జోర్డన్ అంటే తల్లికి పడదు. తల్లి పట్టుబడుతుంది, రేమండ్ జోసీని వదులుకుంటాడు. అప్పుడు పేకముక్కల్లేవు, మంచూరియా లేదు, యెన్ లో లేడు. అమ్మకి ఎదురుచెప్పలేని కొడుకు మాత్రం ఉన్నాడు. డాక్టరు కొత్తగా పెట్టిందేమీ లేదు, అప్పటికే తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి వచ్చాడంతే.

రెండోది మార్కో. కుట్ర మొత్తం అర్థమయ్యాక అతను రేమండ్‌ని పట్టుకుని ఆ మంత్రం విప్పడానికి సిద్ధంగా ఉంటాడు. సరిగ్గా అప్పుడే జోసీ, రేమండ్ మళ్ళీ కలిసి పెళ్ళి చేసుకుంటారు. జోసీ బతిమాలితే, పోనీలే కొత్త దంపతులు కదా అని మార్కో కొద్దిగా గడువిస్తాడు. ఆ గడువులోనే తల్లి ఆజ్ఞ మీద రేమండ్ వెళ్ళి జోసీ తండ్రిని, జోసీని కాల్చి చంపుతాడు. మార్కోని ఎవరూ ఆడించలేదు. జాలిపడ్డాడు, మంచిపనే అనుకున్నాడు. ఆ రెండు చావుల్లో అతని వాటా లేదని అతను అనుకోలేడు. ఎవరూ మందు పెట్టకుండానే మనం చేసే తప్పులు ఇలా ఉంటాయి.

మూడోది ముగింపు. మార్కో ఒక పేకకట్ట తెస్తాడు, అందులో అన్నీ డైమండ్ రాణులే. అవి చూపించి రేమండ్‌కి చెప్తాడు, వాళ్ళ తీగలన్నీ తెగిపోయాయి, ఇక నీ మీద ఎవరికీ పట్టు లేదు అని. ఇందులో చిక్కు చూడండి. స్వేచ్ఛగా ఉండమని చెప్పడానికి కూడా అదే పేకముక్క వాడాల్సి వచ్చింది. ఆజ్ఞ వల్ల వచ్చిన స్వేచ్ఛ స్వేచ్ఛేనా? పార్టీ మహాసభలో రేమండ్ తుపాకీతో పైన గదిలో కూర్చున్నప్పుడు, మార్కో మెట్లెక్కి పరిగెత్తుతున్నప్పుడు, మంత్రం విడిపోయిందో లేదో మనకీ తెలీదు, మార్కోకీ తెలీదు. రేమండ్ చంపమన్నవాణ్ణి చంపడు. సవతి తండ్రిని, తల్లిని కాలుస్తాడు. మార్కో గదిలోకి వచ్చేసరికి, మీరెవరూ వాళ్ళని ఆపలేకపోయేవాళ్ళు, అందుకే నేను చేశానని చెప్తాడు. అబద్ధపు యుద్ధానికి వచ్చిన ఆ పతకాన్ని మెడలో వేసుకుని తనని తను కాల్చుకుంటాడు. ఆ పని మంచిదని నేననను. కానీ సినిమా మొత్తం మీద అతను "నేను చేశాను" అనుకుని చేసిన పని అదొక్కటే.

ఈ చిక్కు మనకి కొత్త కాదు. కైక విషయంలో మనవాళ్ళు ఎప్పుడో దీన్ని ఎదుర్కొన్నారు. వాల్మీకి కైక మొదట రాముడి పట్టాభిషేకం అని విని సంతోషిస్తుంది, ఆ వార్త తెచ్చిన మంథరకి నగ బహుమానంగా ఇస్తుంది. మంథర ఊరుకోదు. కౌసల్య రాజమాత అయితే నీ స్థానమేమిటి, భరతుడి గతేమిటి అని ఒక్కొక్కటే చెప్పుకొస్తుంది. అవన్నీ వాదనలు. కైక విని, ఆలోచించుకుని మారుతుంది. తర్వాత వచ్చిన అధ్యాత్మ రామాయణానికి ఇది కష్టంగా తోచినట్టుంది. రాముణ్ణి అంత ప్రేమించిన తల్లి తనంతట తను ఇలా చేస్తుందా? అందుకని దేవతలు సరస్వతిని పంపించి బుద్ధి మార్పించారన్నారు. భక్తి దృష్టిలో అదే సరైనది కావచ్చు, కాదనడానికి నేనెవర్ని. కానీ మనిషిగా చూస్తే నాకు వాల్మీకి కైక మీదే గౌరవం. ఆమెలో ఒక భయం ఉంది, ఆ భయాన్ని మంథర కనిపెట్టింది. ఆమెతో ఎవరైనా వాదించి ఉండవచ్చు, ఆమె విని ఉండవచ్చు. సరస్వతి ఆవహించిన కైకతో వాదించడానికి ఏమీ ఉండదు.

నాతో నేను కూడా ఇక్కడ కొంచెం వాదించుకోవాలి. నా ఉద్యోగమే ఈ లైన్లోది. మనుషులు ఒక బొత్తాం ఎక్కువసార్లు నొక్కేలా చేయడానికి ఏ నోటిఫికేషన్ ఎప్పుడు పంపాలో చూసే టీముల్లో కొన్నేళ్ళు పనిచేశాను. లోపలినుంచి చూసినవాడిగా చెప్తున్నా, అక్కడ యెన్ లో ఎవరూ లేరు. నూటికి ఒకరో ఇద్దరో ఎక్కువ నొక్కితే మీటింగులో చప్పట్లు కొడతారు. మిగతావాళ్ళు మా తెలివినంతా బొటనవేలితో పక్కకి తోసేస్తారు. అయితే ఆ ఒకరిద్దర్ని కోట్ల జనంతో గుణిస్తే ఊళ్ళు తగలబడేంత అవుతుంది. కాబట్టి వీడియోలు తయారుచేసేవాడికీ, వాటిని ముందుకు తోసేవాడికీ, నాకూ ఇందులో బాధ్యత లేదని అనడం లేదు. మంథరకి శిక్ష ఉండాల్సిందే. నేననేది ఒక్కటే. మంథర తప్పు ఎంత లెక్కగట్టినా కైక తప్పు అందులోంచి తీసివేతకి పోదు. రెండూ వేర్వేరు ఖాతాలు.

నాన్న విషయంలో నేను చేసింది సరిగ్గా ఆ తీసివేతే. రెండేళ్ళపాటు ఆయనకి నిజనిర్ధారణ లింకులు పంపాను. ఫలానా వీడియో ఫలానా దేశంలోది, ఫలానా ఫోటో పాతది అని. ఒక పాడైపోయిన మిషన్‌ని బాగుచేస్తున్నట్టు. ఆయన చూసేవాడో లేదో. ఒక్కసారి కూడా ఆయన్ని కారణం అడగలేదు. బ్రెయిన్‌వాష్ అయిన మనిషికి కారణాలుంటాయని మనం అనుకోం కదా.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అడిగాను. "మామయ్యని ఎందుకలా అన్నావు నాన్నా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "మీ అమ్మ హాస్పిటల్లో ఉన్న పదకొండు రోజులూ వాడొక్కసారి రాలేదురా."

అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ వీడియోలన్నీ దాని తర్వాత వచ్చినవి. ఆ సంగతి ఆయన మాకెవరికీ చెప్పలేదు, మామయ్యనీ అడగలేదు. లోపల పెట్టుకున్నాడు.

"మరి ఆ వీడియోలు?"

"అవి చూస్తుంటే, వాళ్ళంతా ఇంతే, అందుకే వీడూ రాలేదు అనిపించేది. అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది."

నేను వెంటనే ఆయనకి ఒక దారి ఇవ్వబోయాను. నీ తప్పు కాదు నాన్నా, ఆ గ్రూపులవాళ్ళు నీ బాధని వాడుకున్నారు అని. అది నిజం కూడా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఆ మాట నేనే అన్నానురా. నన్నెవడూ అనమనలేదు."

ఆ మాట విన్నాక నాకు ముందు సిగ్గేసింది. రెండేళ్ళుగా నేను ఆయనకి ఇవ్వని గౌరవాన్ని ఆయన తనకి తనే ఇచ్చుకున్నాడు. ఆ తర్వాత కొంచెం ఆశ కూడా కలిగింది. వాట్సాప్ గ్రూపు వెళ్ళి మామయ్యని క్షమించమని అడగలేదు. నాన్న అడగగలడు.

ఇంకా అడగలేదు. నేను తిరిగి బయల్దేరేటప్పుడు మాత్రం, మామయ్య కొత్త నంబరు నీ దగ్గరుందా అని అడిగి రాయించుకున్నాడు. ఫోన్లో సేవ్ చేసుకోలేదు, క్యాలెండర్ వెనక పెన్నుతో రాసుకున్నాడు. చేశావా అని ఫోన్ చేసినప్పుడల్లా నోటిదాకా వస్తుంది. ఆపుకుంటున్నాను. నేను చెప్తే ఆయన చేస్తాడేమో కూడా. కానీ అప్పుడది నేను చూపించిన పేకముక్క అవుతుంది.